జొన్నగింజకు ఫోటో తీసిన వైనం

నా తెలివితేటల పుణ్యమా అని ఒక ప్రొఫెసరు గారు మిట్టమధ్యాహ్నం బట్టలతో సహా తలస్నానం చేయవలసి వచ్చింది. ఎవరితోనూ ఎన్నడూ గొంతు పెంచి ఎరగని ఒక రేడియో మెకానిక్కు నాతో మాట్లాడనని ఖుదా మీద ఒట్టు పెట్టుకున్నాడు. తరతరాలుగా ఒకే గోడను నమ్ముకుని బతుకుతున్న ఒక బల్లి సంసారం వీధిన పడింది. ఇన్ని అనర్థాలూ దేనికోసమని అడగండి. ఒక జొన్నగింజకు ఫోటో తీయడం కోసం!

పెళ్లిచూపులకు పంపే ఫోటో కోసం కూడా మా ఇంట్లో ఇంత హడావుడి జరగలేదు. ఆ ఫోటోలో నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను, అది వేరే సంగతి.

అరవైల నడుమ మాట ఇది. అప్పుడు హనుమకొండలో ఒక కాలేజీలో నేను ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుని. డిమాన్‌స్ట్రేటరంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకు చెబుతున్నాను. పీయూసీ పిల్లల చేతికి కొలత పరికరాలు ఇవ్వాలి, వాళ్లు వాటిని కింద పడేయాలి, అప్పుడు మనం అరవాలి. అంతే ఉద్యోగం. అరవడంలో నాకు ఇబ్బంది లేదు, ఆ విద్య పుట్టుకతో వచ్చింది. కానీ ఎమ్మెస్సీ చదివి జన్మంతా ఇనుప గోళీల లావు కొలిపిస్తూ గడపాలా అన్న దుఃఖం ఒకటి గొంతులో చేపముల్లులా ఉండేది. నాకు రీసెర్చి చేయాలని ఉండేది. హైదరాబాదు వెళ్లి చేస్తానంటే ఇంట్లో ఒప్పుకోరు. ఇక్కడే చేస్తానంటే ఇక్కడ రీసెర్చి లేదు.

ఆ సమయంలో మా డిపార్టుమెంటు పెద్ద నరహరి సారు ఒక వార్త తెచ్చారు. మా లాబొరేటరీ పరిశోధనకు పనికొస్తుందో లేదో చూడడానికి హైదరాబాదు నుంచి ఒక డాక్టరు గారు వస్తున్నారట. చెప్పుకోదగ్గ ప్రయోగం ఒక్కటైనా కళ్లముందు చేసి చూపిస్తే రీసెర్చి స్కాలరు సీటొకటి ఇక్కడికే ఇస్తారట.

"ఆ సీటు నీదే సుగుణా" అన్నారు సారు. "ప్రయోగం మంచిగ జరిగితేనే, మల్ల. లేకుంటే నువ్వు నీ గోళీలు, నేను నా పెన్షను."

సారుకు చాలా కాలంగా ఒక పిచ్చి ఉంది. కంటికి అందని వేగంతో జరిగిపోయే సంగతులను ఫోటోలో పట్టేయాలని. దాని మర్మం ఆయన నాకు చెప్పిన రోజున నేను నోరు తెరుచుకుని విన్నాను. నేను నోరు తెరిచి కూడా మాట్లాడకపోవడం ఆయన చూసింది అదే మొదటిసారి.

మర్మం ఏమీ లేదు, చాలా సులువు. అంత వేగంగా మూసుకునే కెమెరా మన దగ్గర లేదు కదా. అందుకని గదిని చిమ్మచీకటి చేసి, కెమెరా కన్ను తెరిచి వదిలేయాలి. చీకట్లో అది ఎంతసేపు కళ్లు విప్పార్చుకుని చూసినా ఏమీ కనిపించదు. సరిగ్గా మనకు కావలసిన సంఘటన జరిగిన క్షణాన పక్కనే ఒక మెరుపు మెరవాలి. రెండు ఇత్తడి గుండ్ల మధ్య ఎగిరే నిప్పురవ్వ అన్నమాట. సెకండును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒకటి రెండు ముక్కల సేపు ఉంటుంది దాని ఆయుష్షు. ఆ మెరుపులో ఏది కనబడితే అదే ఫిల్ము మీద పడుతుంది. రాత్రంతా తలుపు తెరిచి ఉన్నా దొంగ కనపడేది ఆ ఒక్క మెరుపులోనే. ఇక ఆ మెరుపు సరైన క్షణానే మెరవడం ఎలా? ఒక మైకు పెట్టాలి. సంఘటన చప్పుడు చేస్తుంది, మైకు వింటుంది, మెరుపు మెరుస్తుంది. చప్పుడు వినగానే దొంగమీద టార్చి వేసే గూర్ఖా లాంటిదన్నమాట.

"ఫారిన్ల వాళ్లు తుపాకీ గుండు పోతాంటే ఫోటో తీసిన్రు" అన్నారు సారు.

"మనకు తుపాకీ ఎవలిస్తరు సార్?"

"బెలూను ఇస్తరు గదా. సూదితోని పగలగొడదాం."

"పగిలినంక ఏముంటది సార్, రబ్బరు పీలికలు. గా మాత్రం దానికి హైదరాబాదు నుంచి మనిషి రావాల్నా?"

"అయితే నువ్వే చెప్పు, మహా తెలివిగలదానా!"

నేను చెప్పాను. చెప్పకుండా ఉండే రోగం నాకు లేదు. తొలి ఏకాదశికి ఇంట్లో పేలాలు వేయించేటప్పుడు చిన్నప్పటినుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటుంది. జొన్నగింజ పేలి మల్లెపువ్వులా విచ్చుకుంటుంది కదా, ముందు ఎటువైపు పగులుతుంది? నెత్తి వైపా, అడుగు వైపా, నడుమా? ఎంత కళ్లు చించుకుని చూసినా ఒక క్షణం గింజ, మరుక్షణం పువ్వు. ఆ రెంటికీ నడుమ ఏం జరుగుతుందో మా నాయనమ్మకు తెలియదు, వాళ్ల నాయనమ్మకూ తెలియదు.

"ఎటు పగిలితే నీకేందమ్మా, బెల్లం కలుపుకొని తినక!" అన్నారు సారు.

"పండు కింద పడితే తినకుండ ఆలోచన చేసినోళ్ల గురించే గద సార్ మీరు పాఠం చెప్పేది?"

సారు సరేనన్నారు. నాతో వాదించడం కంటే జొన్నలు పేల్చడమే తేలికని ఆయనకు అనుభవం మీద తెలుసు. వర్ధన్నపేటలో మా మేనత్త ఇంటి నుంచి పేలాలకు పనికొచ్చే జొన్నలు ఒక చిన్న మట్టి గురిగినిండా తెప్పించాను.

మెరుపు యంత్రాన్ని కట్టిన మహానుభావుడు ఖాజా భాయ్. వరంగల్లు చౌరస్తా దగ్గర రేడియోలు బాగుచేసే దుకాణం ఆయనది. నన్ను చెల్లె అని పిలిచేవాడు. సారు కాగితం మీద గీసిన బొమ్మ చూసి, మిలిటరీ సామాన్ల చెత్తలోంచి కిరసనాయిలు డబ్బాలంత కండెన్సర్లు ఏరుకొచ్చి, వాటిలో పిడుగును నింపిపెట్టే ఏర్పాటు చేశాడు.

"గీ డబ్బాలను ముట్టకుండ్రి" అని మొదటిరోజే హెచ్చరించాడు. "ముట్టుకుంటే సీదా జన్నత్. వాపస్ టికెట్ ఉండది."

"మరి మైకు మంచిగ వింటదా భాయ్?"

"చీమ దగ్గితె గూడ వింటది చెల్లె. ఫికర్ చేయకు."

నేను ఫికర్ చేయలేదు. ఆ తరువాత జరిగినదంతా ఫికర్ చేయకపోవడం వల్ల కాదు, చేయకూడని చోట చేయడం వల్ల.

మా పద్ధతి ఇది. గదిలో కిటికీలకు నల్ల దుప్పట్లు. కరెంటు పొయ్యి తీగ ఎర్రదనం కెమెరాకు కనబడకుండా చుట్టూ రేకు. దాని మీద చిన్న ఇనుప పెనం, పెనం పక్కన మైకు, ఎదురుగా కెమెరా. గింజ తప్ప మరేదీ ఫోటోలో పడనంత దగ్గరగా దాన్ని బిగించాం. పెనం వెనక పీట మీద నేను. గింజ వేసి "ఊ" అనడం నా పని. సారు కెమెరా కన్ను తెరుస్తారు, ఖాజా భాయ్ మెరుపు మీట నొక్కి సిద్ధంగా పెడతాడు. మెరుపు కళ్లలో కొట్టకుండా ఇద్దరూ అటు తిరిగి కూర్చుంటారు. అక్కడి నుంచి ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. గింజ పేలుతుంది, మైకు వింటుంది, మెరుపు మెరుస్తుంది. కాగితం మీద ఎంత అందంగా ఉందో చూడండి!

క్లాసులు అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది. అన్నాలు తిని ఆ చీకటి గదిలో కూర్చునేవాళ్లం. మొదటి గింజ వేశాను. ఊ అన్నాను. చీకటి. వెచ్చటి పెనం. కమ్మటి జొన్న వాసన. కొంతసేపటికి 'ఫట్' మని కళ్లు జిగేల్మనేలా మెరుపు మెరిసింది.

"శభాష్!" అని సారు లేవబోయారు.

అప్పుడు, మెరుపు మెరిసి ఆరిపోయిన తరువాత, చీకట్లో తాపీగా 'ఠప్పు'మని జొన్నగింజ పేలింది.

ఫిల్ము కడిగి చూస్తే, పెనం నడుమ గింజ గుండ్రంగా, నున్నగా, చెక్కుచెదరకుండా, అత్తారింటికి మొదటిసారి వచ్చిన అల్లుడిలా బిగుసుకు కూర్చుని ఉంది.

మళ్లీ వేశాం. మళ్లీ అంతే. ముందు మెరుపు, తరువాత పేలుడు. మరునాడూ అంతే. పెళ్లికి ముందే అప్పగింతలు పాడినట్టు, ఆ మెరుపు ప్రతిసారీ తొందరపడి వచ్చి పోయేది. అల్లుడి ఫోటోలు మాత్రం బోలెడు పోగయ్యాయి.

"ఏదో చప్పుడు ముందుగాల్నే అయితాంది" అన్నాను. "మైకు దాన్ని వింటాంది. గా చప్పుడు ఏందో పట్టుకునేదాక నాకు నిద్ర పట్టది."

నిద్ర పట్టదన్న మాట మాత్రం తర్వాత అబద్ధమని తేలింది.

ఇక చప్పుడు వేట మొదలైంది. మొదట మా గది గోడకు అవతల ఉండే కెమిస్ట్రీ లెక్చరరు దొరికాడు. మధ్యాహ్నం పూట రోట్లో ఏవో నూరుతూ ఉంటాడు. నేను వెళ్లి తలుపు కొట్టాను.

"జర మీ రోలు బంద్ చేస్తరా? మాకు రీసెర్చి నడుస్తాంది."

"మీ రీసెర్చా? ఎప్పుడు జూసినా పేలాల వాసన వస్తాంది. మీరు రీసెర్చి చేస్తాన్రా, తద్దినం పెడ్తాన్రా?"

"మీరు నూరేది మందా, పచ్చడా అని నేను అడిగిన్నా?"

ఆ మాటకు ఆయన నూరడం ఆపాడు. నాతో మాట్లాడడం కూడా ఆపాడు. కానీ మెరుపు ఆగలేదు.

తరువాత నా గాజులను అనుమానించాను. తీసేస్తే మా అమ్మ ఊరుకోదని రుమాలు చుట్టి కట్టేశాను. ఖాజా భాయ్ మెడలోని తాయెత్తు గొలుసు, సారు కిర్రు చెప్పులు, జేబులోని తాళాలు అన్నీ గది బయట. ఒకసారి సారే చీకట్లో గుర్రు పెట్టారు, మెరుపు మెరిసింది. సరే, ఆ ఒక్కటీ ఆయన ఖాతాలో వేశాను.

"పెద్దోళ్లు, మీరే గిట్ల పండుకుంటే ఎట్ల సార్?" అని పిల్లలను కోప్పడినట్టు కోప్పడ్డాను. "నేను ఎట్ల కూసున్న చూడుండ్రి, బొమ్మ లెక్క!"

చీకట్లో ఆయన ఎలా చూస్తారు పాపం? నా మాటే నమ్మారు.

అప్పుడు ఖాజా భాయ్ ఒక ఆధారం బయటపెట్టాడు. "మెరిసేదానికి జర ముందుగాల 'టిక్కు' మని ఇనవడ్డది సారూ. ఇంతనే, చిన్నగ."

"టిక్కుమంటే బల్లి!" అన్నారు సారు వెంటనే.

నిజమే, గోడమీద ఒక బల్లి ఉంది. నేను ఈ కాలేజీలో చదువుకునే రోజుల నుంచీ ఉంది. నేను చీపురు పట్టాను, ఖాజా భాయ్ టార్చి పట్టాడు, సారు స్టూలు పట్టుకుంటానన్నారు.

"కొట్టకు సుగుణా, పాపం" అన్నారాయన. "దానికి చెప్పి చూడు."

"మీ శిష్యురాలా సార్, చెప్తే వినడానికి?"

చీపురు విసిరాను. బల్లి నా లెక్కకు అందని ఒక కొత్త కోణంలో ఎగిరి సరాసరి సారు నడినెత్తి మీద దిగింది. సెకండును పది లక్షల ముక్కలు చేయగల ఆ మహా మేధావి "కృష్ణ కృష్ణ! నెత్తిమీద పడ్డదే! నెత్తిమీద పడొద్దు, దోషం!" అంటూ కాలేజీ బావి దగ్గరికి పరుగెత్తారు. వరండాలో విద్యార్థులు బారులు తీరి చూస్తుండగా చొక్కాతో, పంచెతో సహా స్నానం చేశారు. బల్లి తన పిల్లాపాపలతో కిటికీలోంచి వెళ్లిపోయింది. వెళ్లేముందు వెనక్కి తిరిగి నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు.

బల్లి పోయిన మరునాడు గింజ వేశాను. ఊ అన్నాను. చీకటి, వెచ్చదనం, కమ్మటి వాసన. టిక్కు. ఫట్. కాసేపటికి ఠప్పు.

నా ఓపిక నశించింది. ఇక మిగిలింది ఒక్కటే కదా, మైకు.

"భాయ్, నీ మైకు ఖరాబున్నది" అన్నాను.

ఖాజా భాయ్ ముఖం నల్లబడింది. "ఏం మాట్లాడ్తానవ్ చెల్లె? నా చేతి పనికి పేరు పెట్టినోడు లేడు వరంగల్ల."

"పేరు పెట్టకపోతే ఏంది, చెవి పెట్టి చూడు. లేని చప్పుడు వింటాంది అది. దానికి దయ్యం పట్టింది."

"దయ్యం మైకుకు పట్టది. మైకు మాట్లాడది గద, వింటది అంతే. గీ గదిల మాట్లాడేది ఎవలో నాకు ఎర్కే."

"అంటే నాకు పట్టిందంటానవా?"

"నేనన్నన్నా? నువ్వే అంటానవ్. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఫోటో తీయరాక మైకు ఓడన్నదట!"

నేను ఊరుకుంటానా? ఆయన దుకాణంలో బాగుపడి వెళ్లిన మా ఇంటి రేడియో వర్షం వస్తే గురక పెడుతుందన్న పాత సంగతి కూడా తీశాను. అది ఆయనకు తూటాలా తగిలింది. గొలుసు మెడలో వేసుకుని, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, "సారూ, మీరు పిలిస్తె వస్త. గీమెతోని మాత్రం మాట్లాడ. ఖుదా కసమ్" అని వెళ్లిపోయాడు. వెళ్లేముందు మైకును ఒకసారి నిమిరాడు, పసిపిల్ల నుదురు నిమిరినట్టు.

ఈలోగా హైదరాబాదు డాక్టరు గారు వచ్చే రోజు రానే వచ్చింది. మా చేతిలో పేలిన గింజ ఫోటో ఒక్కటంటే ఒక్కటీ లేదు. నా సీటు ఆ పెనం మీద మాడుతూ కనబడింది నాకు.

ఆయన పొద్దున బండికి దిగి, కాలేజీ అంతా చూసి, భోజనం చేసి మా గదికి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, నవ్వు అనే వస్తువును ఇంట్లోనే భద్రంగా దాచి వచ్చిన మనిషిలా ఉన్నారు. సారు బతిమాలి పిలిపించగా ఖాజా భాయ్ కూడా వచ్చి కూర్చున్నాడు. నాకేసి చూడకుండా "సారూ, ఆమెకు చెప్పుండ్రి, పెనం ఎడమకు జరపమని" అంటున్నాడు. నేను "సార్, ఆయనకు చెప్పుండ్రి, జరిపిన్నని" అంటున్నాను. మధ్యలో సారు టెలిఫోను ఎక్స్చేంజీలా అటూ ఇటూ తిరుగుతున్నారు.

డాక్టరు గారు అంతా విని అన్నారు: "కెమెరా కాస్త వెనక్కి జరపండి. పెనం, మైకు, పనిచేసే మనిషి, అంతా ఫోటోలో పడాలి. ఉత్త గింజ పడితే ఎక్కడ తీశారో, ఎలా తీశారో నేనేం చెప్పగలను?"

కెమెరా వెనక్కి జరిగింది. దీపాలు ఆరాయి. గింజ వేశాను. ఊ అన్నాను.

చీకటి. ఇన్ని రోజుల హైరానా, రాత్రుళ్ల దిగులు, కడుపులో పప్పన్నం. మనసులో మాత్రం దేవుళ్లందరికీ పేరు పేరునా మొక్కుకుంటున్నాను. భద్రకాళమ్మ దగ్గర మొదలుపెట్టి రామప్ప శివుడి దాకా వచ్చాను.

టిక్కు. ఫట్!

అందరం చెవులు రిక్కించి కూర్చున్నాం, అది రాకూడదు దేవుడా అనుకుంటూ. అది వచ్చింది. ఠప్పు.

"ఫిల్ము కడగండి" అన్నారు డాక్టరు గారు చీకట్లోంచి. ఆ గొంతులో నాకు జీవితాంతం కొలవాల్సిన ఇనుప గోళీలు దొర్లుతున్న చప్పుడు వినబడింది.

ఆయన చాయ్ తాగి, మిరపకాయ బజ్జీలు వద్దంటూనే తింటూ ఉండగా సారు ఫిల్ము కడిగి, తడి తడిగానే ఫోటో అచ్చు వేసి తెచ్చారు. బల్లమీద పెట్టారు. పెట్టి, దగ్గారు. నాకేసి చూశారు. మళ్లీ దగ్గారు.

ఫోటోలో పెనం ఉంది. పెనం మీద అల్లుడు యథాప్రకారం గుండ్రంగా కూర్చుని ఉన్నాడు. పెనం వెనకాల నేను. కింది నుంచి పడిన వెలుగులో కళ్లు గట్టిగా మూసుకుని, నోరు ఓరుగల్లు కోటద్వారంలా బార్లా తెరిచి ఆవులిస్తున్నాను. ఆ నోటి ముందు నా కుడిచెయ్యి. రుమాలు చుట్టిన గాజులు. బొటనవేలిని విడిచి నడిమివేలు అప్పుడే అరచేతిని తాకుతోంది. చిటికె!

మా నాయనమ్మ నేర్పిన పాడు అలవాటు. ఆవులించినప్పుడు నోటి ముందు చిటికె వేయకపోతే తెరిచిన నోట్లోకి గాలీ ధూళీ, దయ్యమూ భూతమూ దూరుతాయట. పాలు తాగే వయసు నుంచి నా చెయ్యి నన్ను అడగకుండా ఆ పని చేస్తూ వస్తోంది. నోరు తెరుచుకోగానే చెయ్యి లేస్తుంది. చప్పుడు చెవికి ఎక్కేలోపు మెరుపు పేలుడు దాన్ని మింగేస్తుంది. ఆవులింతలో కళ్లు మూసుకుని ఉన్న నేను అన్ని రోజులూ కళ్లు తెరిచి ఊరంతా వెతికాను. చంకలో పిల్లను పెట్టుకుని వెతకడం కాదు ఇది, పిల్లే ఊరి మీద పడి తల్లులందరినీ నిలదీయడం.

అంతటితో ఒప్పుకున్నానా? నా సంగతి మీకు ఇంకా తెలియలేదన్నమాట.

"ఫోటో తప్పు" అన్నాను.

"ఫోటో తప్పా?" అన్నారు డాక్టరు గారు.

"నేను చిటికె వేయలేదు. చెయ్యి ఊరికే పైకి లేచి ఉంటది. ఈగ వాలిందేమో."

"చిమ్మచీకట్లో ఈగ?"

"వేడికి వచ్చి ఉంటది. అసలు నేను ఆవులించను. నాకు ఆ అలవాటే..."

అలవాటే లేదు అనబోయాను. మీకు తెలుసు కదా, ఆవులింత గురించి మాట్లాడితే చాలు, అది పిలవని పేరంటానికి కూడా వచ్చేస్తుంది. మాట మధ్యలోనే దవడలు విడిపోయాయి. డాక్టరు గారు, సారు, ఖాజా భాయ్ ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా, పట్టపగలు, నిండు వెలుతురులో, నా చెయ్యి దానంతట అదే లేచింది.

టిక్కు.

సారు కుర్చీలో కూలబడ్డారు. తడిసిన పంచె గుర్తొచ్చి ఉంటుంది. ఖాజా భాయ్ పైకప్పు వైపు చూసి రెండు చేతులూ ఎత్తాడు. నేను ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒడిలో అదుముకున్నాను, సంతలో దొంగతనం చేస్తూ దొరికిన మా ఇంటి పిల్లను పట్టుకున్నట్టు.

డాక్టరు గారు మాత్రం ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కళ్లద్దాలు పైకెత్తి చాలాసేపు చూశారు. "వేలు అరచేతిని తాకిన క్షణం ఇది. ఒక్క గీత చెదరలేదు. ఈ మైకు ఎవరు కట్టారు?"

ఖాజా భాయ్ లేచి నిలబడ్డాడు. "నేనే సాబ్."

"ఇన్ని రోజులూ ఇది ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. మీ పరికరం భేషుగ్గా ఉంది. ఇక మీరు ఒక పని చేయండి. ఈ అమ్మాయిని బయట కూర్చోబెట్టి మళ్లీ వేయండి."

"నేను బయటనా?" అన్నాను. "గింజ ఎవలు వేస్తరు?"

"నేను వేస్తాను" అన్నారాయన. "నేను నోరు మూసుకుని ఆవులిస్తాను."

వరండాలో స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టారు. తలుపు మూశారు. ప్రశ్న నాది. గింజ మా మేనత్తది. చీకట్లో పడిన తిప్పలన్నీ నావి. పెళ్లి నాదై ఉండి నేనే పందిరి బయట నిలబడినట్టుంది. అరిచి లోపలికి పోదామనుకున్నాను. అరిస్తే మైకు వింటుంది. జీవితంలో మొట్టమొదటిసారి, నోట్లో పమిట చెంగు కుక్కుకుని కూర్చున్నాను. అయినా చెంగుతో సహా ఒక ఆవులింత వచ్చింది. చిటికె పడకుండా చెయ్యి మీద కూర్చున్నాను.

లోపల నుంచి ఒక్కటే చప్పుడు. ఫట్టూ ఠప్పూ రెండూ కలిసి ఒకటే.

ఆ ఫోటోలో అల్లుడు లేడు. గింజకు ఒక పక్కన నిలువునా పొట్ట పగిలి, అందులోంచి తెల్లటి పిండి అప్పుడే విచ్చుకోబోతున్న మొగ్గలా తొంగిచూస్తోంది. ముందు నెత్తి కాదు, అడుగూ కాదు, పక్క. మా నాయనమ్మల నాయనమ్మలకు తెలియని సంగతి. నేను దాన్ని చూసి ఏడ్చాను. కోపంతో ఏడ్చానని అప్పుడు అందరికీ చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను.

"సీటు ఇస్తున్నాను" అన్నారు డాక్టరు గారు చెప్పులు వేసుకుంటూ. "ఒక షరతు. మెరుపు వేసే సమయానికి మీరు గదిలో ఉండకూడదు."

"అదేం న్యాయం? రీసెర్చి నాది, నేను బయటనా?"

"మీరు లోపల ఉంటే రీసెర్చి బయట ఉంటుందమ్మా."

మొదటిసారి ఆయన నవ్వారు. నవ్వును ఇంట్లో దాచి వచ్చారనుకున్నాను గానీ, జేబులోనే ఉందన్నమాట.

సారు ఆయనను బస్సు ఎక్కించడానికి వెళ్లారు. గదిలో నేనూ, ఖాజా భాయ్. ఆయన వైర్లు చుడుతున్నాడు. నేను పెనం తోముతున్నాను. తోమక్కర్లేదు, అయినా తోముతున్నాను.

"భాయ్" అన్నాను చివరికి. "మైకు మంచిదే."

ఆయన వైరు చుట్టడం ఆపలేదు. "మైకు సంగతి నాకు మొదటి నుంచి ఎర్కే చెల్లె. నీ సంగతే ఇయ్యాల ఎర్కైంది."

"మా రేడియో గూడ మంచిదే."

"అది గురక పెడ్తది. నిజమే. రేపు తే, చూస్త."

ఆ తరువాత నేను ఆ సీటులో చేరాను, వరండాలో స్టూలు మీద కూర్చుని థీసిసు పూర్తి చేశాను. పట్టా చేతికొచ్చిన రోజున సారు కాళ్లకు మొక్కి, ఖాజా భాయ్‌కి మిఠాయి పెట్టి, బల్లి విడిచిపోయిన ఆ ఖాళీ గోడకు కూడా ఒక నమస్కారం పెట్టాను.

కాబట్టి పాఠక మహాశయులారా, విజ్ఞాన శాస్త్రం సాక్షిగా, నిలబడి, కుడిచేతిని వీపు వెనక కట్టుకుని ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఆవులించేటప్పుడు చిటికె వేయను. తెరిచిన నోట్లోకి గాలీ ధూళీ దూరితే దూరనీ. లోపలికి వచ్చిన దయ్యం నాతో నాలుగు మాటలు వాదించి చూస్తే చాలు, అదే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తుతుంది.